జాజ్ పుట్టిల్లు ఎక్కడ?

ఆదివారం మధ్యాహ్నం... వీధి మలుపులో ఒక్కసారిగా బ్యాండు మేళం. పెద్ద ఇత్తడి గొట్టాన్ని కొండచిలువలా ఒంటికి చుట్టుకున్న సూసాఫోన్ వాద్యకారుడు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, మెడలో డ్రమ్ములు వేలాడేసుకున్న కుర్రాళ్లు. వాళ్ల ముందు ఒకే రంగు సూట్లు, అదే రంగు బూట్లు, చేతుల్లో ఈకల విసనకర్రలతో ఓ క్లబ్బు సభ్యులు. వెనకాల? వెనకాల ఊరు! చంకలో పిల్లాడితో తల్లి, చక్రాల కుర్చీలో తాత, గొడుగు గాల్లో ఊపుతూ అమ్మమ్మ. అరుగు మీద కూర్చున్నవాళ్లు కూడా లేచి కలిసిపోతారు. టికెట్టు లేదు. వేదిక లేదు. నాలుగు గంటలపాటు నడక, ఆట, పాట.

బ్యాండు, క్లబ్బు సభ్యులు మొదటి వరుస. వెనక చేరిన జనం రెండో వరుస... సెకండ్ లైన్. మొత్తం ఊరేగింపునీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఎండాకాలం తగ్గింది మొదలు మళ్లీ ఎండలు ముదిరేదాకా దాదాపు ప్రతి ఆదివారం ఏదో ఒక పేటలో ఇది కనిపిస్తుంది.

ఊరి పేరు న్యూ ఆర్లీన్స్. అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్రంలో, మిసిసిపి నది సముద్రంలో కలవడానికి కాస్త ముందు, నెలవంకలా వంపు తిరిగే చోట ఉంటుంది. జాజ్ పుట్టింది ఇక్కడే. విమానం దిగగానే ఆ సంగతి తెలుస్తుంది. విమానాశ్రయం పేరే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్!

సరే, మరి ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఇల్లు ఎక్కడ? లేదు. 1964లో కూల్చేశారు. ఆ చుట్టుపక్కలంతా పోలీసు, కోర్టు భవనాలు లేచాయి. జాజ్ తొలినాళ్ల వాద్యకారులు వాయించిన స్టోరీవిల్? అదీ లేదు. సౌత్ రాంపార్ట్ వీధి? కార్ పార్కింగుల మధ్య నాలుగైదు పాత భవనాలు మిగిలాయి. ప్రపంచానికి ఒక సంగీతాన్ని ఇచ్చిన ఊరు, దాని పురిటిగదుల్ని ఒక్కొక్కటిగా పడగొట్టుకుంది. అయినా పాట పోలేదు. ఎందుకు పోలేదో తెలుసుకోవాలంటే ఆ ఊళ్లో కాస్త నడవాలి.

సెలవు రోజు సంత

ముందుగా కాంగో స్క్వేర్‌కి. పర్యాటకులు కిటకిటలాడే ఫ్రెంచ్ క్వార్టర్ దాటి, రాంపార్ట్ వీధికి అవతల, ట్రెమే అనే పేట అంచున ఉన్న చిన్న మైదానం. రాళ్లు పరిచిన నేల, పెద్ద పెద్ద ఓక్ చెట్లు. అంతకుమించి చూడ్డానికేం లేదు. కానీ అమెరికా సంగీత చరిత్రలో ఇంత ముఖ్యమైన నేల మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

ఈ ఊరిని 1718లో ఫ్రెంచివాళ్లు కట్టారు. తర్వాత స్పెయిన్ చేతికి వెళ్లింది. మళ్లీ ఫ్రాన్స్‌కి వచ్చింది. 1803లో కోటిన్నర డాలర్లకు మొత్తం లూసియానాతోపాటు అమెరికాకు అమ్ముడుపోయింది. ఫ్రెంచివాళ్ల కాలంలో, 1724లో తెచ్చిన బానిస చట్టం నిండా క్రూరత్వమే. అందులో ఒక్క వెసులుబాటు మాత్రం ఉంది. ఆదివారం బానిసలతో పని చేయించకూడదు. దాంతో ఆ రోజున ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లు ఊరి వెనక ఖాళీ జాగాలో చేరేవారు. పండించుకున్న కూరగాయలు, చేసిన తినుబండారాలు అమ్ముకునేవారు. ఆ తర్వాత డప్పులు బయటికి తీసేవారు.

ఇక్కడో సంగతి గమనించాలి. 1739లో సౌత్ కరోలినాలో బానిసలు తిరుగుబాటు చేశారు. డప్పు మోతతోనే ఒకరినొకరు కూడగట్టుకున్నారన్న భయంతో మరుసటి ఏడాదే అక్కడ డప్పుల్ని నిషేధించారు. న్యూ ఆర్లీన్స్‌లో అలా జరగలేదు. 1817లో నగరపాలకులు మాత్రం, బానిసలు మేయరు చూపించిన చోటే కలవాలని హద్దు గీశారు. ఆ చోటే కాంగో స్క్వేర్. రెండేళ్ల తర్వాత బెంజమిన్ లాట్రోబ్ అటుగా వెళ్లాడు. అమెరికా పార్లమెంటు భవనానికి రూపమిచ్చిన వాస్తుశిల్పుల్లో ఒకడాయన. అయిదారు వందల మంది వలయాలుగా చేరి ఆడుతూ పాడుతూ ఉండటం చూశాడు. ఆయనకా మోత ఏమాత్రం నచ్చలేదు. కానీ బుద్ధిమంతుడు, చూసిన వాద్యాలన్నిటి బొమ్మలూ గీసి పెట్టుకున్నాడు. అవి ఆఫ్రికా వాద్యాలేనని ఇప్పుడు మనం చెప్పగలుగుతున్నామంటే ఆ పుణ్యమే.

ఆ మైదానానికి 1893లో ఓ సైన్యాధికారి పేరు పెట్టారు. అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన జనరల్ ఆయన! జనం నోట మాత్రం అది కాంగో స్క్వేరే. ఆ పేరును అధికారికంగా రాసుకోవడానికి నగరానికి 2011 దాకా పట్టింది.

రైల్లో మొదలైన కథ

జాజ్ అంటే డప్పు ఒక్కటే కాదుగా. క్లారినెట్, ట్రంపెట్, పియానో... ఇవెక్కడివి? దానికి సమాధానం ట్రెమేలోనే ఉంది. అక్కడ క్రియోల్‌లు అనేవారు ఉండేవారు. ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ రక్తం కలిసిన కుటుంబాలు. బానిసత్వం రద్దు కాకముందే వీళ్లలో చాలామంది స్వేచ్ఛగా బతికారు. సొంత ఇళ్లు, చేతిపనులు, పిల్లలకు ఐరోపా శాస్త్రీయ సంగీత పాఠాలు. స్వరలిపి చూసి వాయించేవారు. ఊరికి అటువైపు, తోటల నుంచి వలస వచ్చిన నల్లవాళ్లు ఉండేవారు. వాళ్లకు స్వరలిపి తెలియదు. పొలం పాటలు, చర్చి పాటలు, బ్లూస్... అన్నీ చెవితో పట్టుకునేవారు. ఈ రెండు జట్లకూ పెద్దగా రాకపోకలు లేవు.

1892 జూన్‌లో హోమర్ ప్లెసీ అనే క్రియోల్ యువకుడు తెల్లవాళ్ల పెట్టెలో రైలెక్కాడు. కావాలనే ఎక్కాడు. కొత్తగా వచ్చిన వివక్ష చట్టాన్ని కోర్టులో సవాలు చేయడానికి ట్రెమే పెద్దలు వేసుకున్న పథకమది. అరెస్టయ్యాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1896లో తీర్పు వచ్చింది. వేరు వేరుగా ఉంచినా సౌకర్యాలు సమానంగా ఉంటే తప్పులేదని! ఆ ఒక్క తీర్పు మరో 58 ఏళ్లపాటు అమెరికాలో వర్ణవివక్షకు చట్టం ముద్ర వేసింది.

తాము వేరనుకున్న క్రియోల్‌లు కూడా చట్టం దృష్టిలో నల్లవాళ్లే అయ్యారు. ఉద్యోగాలు తగ్గాయి, వేదికలు మూతపడ్డాయి. స్వరలిపి చదివే చేతులు, చెవితో వాయించే చేతులు ఒకే బ్యాండులో పక్కపక్కన నిలబడాల్సి వచ్చింది. ఒకరి దగ్గర వాద్యం మీద పట్టు, మరొకరి దగ్గర మనోధర్మం. పాటను రాసినట్టు కాకుండా ఆ క్షణాన తోచినట్టు పెంచుకుంటూ పోవడం. మన కచేరీల్లో కల్పనస్వరాలు వినేవారికి ఇది కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే, ఇక్కడ ముగ్గురు నలుగురు ఒకేసారి కల్పించేవారు! అవమానం కలిపిన స్నేహం అది. జాజ్‌కి కారణాలు చాలా చెబుతారు గానీ, నాకు మాత్రం ఈ తీర్పు దగ్గరే కథ మలుపు తిరిగిందనిపిస్తుంది.

ఎవరూ వినని గొప్ప బాకా

ఆ రోజుల్లో ఊరంతా చెప్పుకొన్న పేరు బడ్డీ బోల్డెన్. 1877లో పుట్టాడు. వాయించేది కార్నెట్, అంటే ట్రంపెట్‌కి పొట్టి చెల్లెలు. ఆయన ఊదితే మైళ్ల దూరం వినిపించేదట. జాజ్‌కి ఆద్యుడు ఎవరంటే ఎక్కువమంది చరిత్రకారులు మొదట చెప్పే పేరు ఆయనదే. విచిత్రం ఏమిటంటే... ఆయన వాయించిన ఒక్క స్వరం కూడా రికార్డు రూపంలో మిగల్లేదు. ఒక మైనపు సిలిండర్ మీద రికార్డు చేశారని చెప్పుకొంటారు. అది ఎవరికీ దొరకలేదు.

ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే మనసు చెదిరింది. 1907లో మానసిక చికిత్సాలయానికి పంపారు. ఇక బయటికి రాలేదు. 24 ఏళ్లు అక్కడే ఉండి 1931లో చనిపోయాడు. అప్పటికి ఆయన మొదలుపెట్టిన సంగీతం అమెరికా అంతటా రేడియోల్లో మోగుతోంది. న్యూ ఆర్లీన్స్‌లోని హోల్ట్ శ్మశానంలో, పేదల మధ్య, గుర్తు కూడా లేకుండా పూడ్చిపెట్టారు. సమాధి కచ్చితంగా ఎక్కడుందో తెలియదు కాబట్టి 1998లో శ్మశానంలో ఒక స్మారక శిల నిలిపారు. ఫస్ట్ స్ట్రీట్‌లో ఆయన ఉన్న ఇల్లు మాత్రం ఇప్పటికీ ఉంది. గదుల్ని వరసగా పేర్చినట్టుండే రైలుపెట్టె ఇల్లు. అలాంటివి ఈ ఊళ్లో అడుగడుగునా కనిపిస్తాయి.

జాజ్ స్టోరీవిల్‌లో పుట్టిందని చాలా పుస్తకాల్లో రాస్తారు. వేశ్యావాటికలను ఒకే పేటకు పరిమితం చేస్తూ 1897లో నగరం చేసిన చట్టంతో వెలిసిన పేట అది. జెల్లీ రోల్ మార్టన్‌లాంటి పియానో కళాకారులకు అక్కడ జీతం దొరికిన మాట నిజమే. కానీ పుట్టుక అక్కడ కాదు. బోల్డెన్ వాయించింది పార్కుల్లో, నాట్యశాలల్లో, ఊరేగింపుల్లో. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళం ఒత్తిడితో 1917లో స్టోరీవిల్ మూతపడింది. తర్వాత దాదాపు అంతా పడగొట్టి ప్రభుత్వ గృహాలు కట్టారు.

పాత సామాన్ల బండిపై కుర్రాడు

ఇక సౌత్ రాంపార్ట్ వీధి. 1901 ఆగస్టు 4న పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ చుట్టుపక్కలే తిరిగాడు. తండ్రి వదిలేసి వెళ్లాడు. ఇల్లు గడవక చిన్నప్పుడే పనికి కుదిరాడు. లిథువేనియా నుంచి వలస వచ్చిన కార్నోఫ్‌స్కీ అనే యూదు కుటుంబం పాత సామాన్లు కొనేది, బొగ్గు అమ్మేది. వాళ్ల బండి మీద కూర్చుని, జనాన్ని పిలవడానికి ఓ రేకు బాకా ఊదడం లూయీ పని. తాకట్టు దుకాణంలో అయిదు డాలర్ల కార్నెట్ ఒకటి చూసి మనసు పారేసుకుంటే, కార్నోఫ్‌స్కీలు జీతంలోంచి ముందే డబ్బిచ్చారు. రాత్రి పూట తమతోపాటు కూర్చోబెట్టి అన్నం పెట్టారు. అరవై ఏళ్లు దాటాక, ఆసుపత్రి మంచం మీద ఉండి ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ సంగతులన్నీ రాసుకున్నాడు. ఆ కుటుంబం మీద గౌరవంతో మెడలో యూదుల నక్షత్రం గుర్తు వేసుకునేవాడు.

1912 చివరి రాత్రి, కొత్త సంవత్సరం హుషారులో గాల్లోకి తుపాకీ పేల్చాడు. పోలీసులు పట్టుకెళ్లి నల్ల పిల్లల హోంలో వేశారు. అక్కడి బ్యాండు మాస్టారు పీటర్ డేవిస్ పద్ధతిగా కార్నెట్ నేర్పించాడు. ఆ తర్వాతంతా చరిత్రే.

1922లో గురువు కింగ్ ఆలివర్ నుంచి షికాగో రమ్మని పిలుపొచ్చింది. అమ్మ కట్టిచ్చిన చేప శాండ్‌విచ్‌తో రైలెక్కాడు. 1925 తర్వాత సొంత బృందంతో చేసిన రికార్డులు జాజ్ దారినే మార్చాయి. అప్పటిదాకా బ్యాండంతా కలిసి కల్పించేది. ఇప్పుడు ఒక్కడు ముందుకొచ్చి ఒక్కడిగా కథ చెప్పడం మొదలైంది.

తొలి జాజ్ రికార్డు మాత్రం ఆయనది కాదు, నల్లవాళ్లదీ కాదు. 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆ రికార్డు ఇచ్చింది న్యూ ఆర్లీన్స్‌కే చెందిన తెల్లవాళ్ల బృందం, ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్. ‘ఒరిజినల్’ అన్న మాట చూసి నవ్వుకోవాలో ఏడవాలో తెలియదు.

ఊరు దాటిన పాట

ఆ తర్వాతి కథ ఈ ఊరిది కాదు. దక్షిణాదిలో వివక్ష భరించలేక లక్షలాది నల్లవాళ్లు ఉత్తరాదికి వలస వెళ్లారు. పాట వాళ్ల వెంటే వెళ్లింది. హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో 1927 నుంచి డ్యూక్ ఎలింగ్టన్ రాజ్యం. వాయించేవాళ్లంతా నల్లవాళ్లు, కుర్చీల్లో కూర్చునేది తెల్లవాళ్లు! 1930ల్లో పెద్ద బృందాల స్వింగ్ జోరు. 1940ల్లో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ కుర్రతనం కొద్దీ వేగం పెంచి, కాళ్లాడించే సంగీతాన్ని చెవులు రిక్కించి వినే సంగీతంగా మార్చారు. దానికే బీబాప్ అని పేరు. 1959లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’తో మళ్లీ నెమ్మదించాడు.

జాన్ కోల్ట్రేన్ మన రాగాలు విన్నాడు. 1961లో ‘ఇండియా’ అనే రచన వాయించాడు. కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు, రవిశంకర్ మీద అభిమానంతో. ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్ ఇంకాస్త ముందుకెళ్లింది. కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి, మన భజనల్ని జాజ్ ఆర్గాన్ మీద పాడింది. ఆ ఆశ్రమం పేరు సాయి అనంతం. ఆవిడ పుట్టపర్తి సాయిబాబా భక్తురాలు మరి.

వంతెన కింద మోత

మళ్లీ ట్రెమేకి వద్దాం. ఈ పేటకు నడిబొడ్డు క్లేబోర్న్ ఎవెన్యూ. ఒకప్పుడు నడుమ వరసలుగా ఓక్ చెట్లు, రెండు పక్కలా నల్లవాళ్ల దుకాణాలు. పిల్లల ఆటలు, పండగలు అన్నీ ఆ చెట్ల నీడనే. 1966లో చెట్లన్నీ నరికేశారు. వాటి చోట ఇంటర్‌స్టేట్-10 రహదారి వంతెన లేచింది. పక్కనే మరికొన్ని వీధుల్ని సాంస్కృతిక కేంద్రం కోసమంటూ ఖాళీ చేయించారు. అదే ఇప్పటి ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కు. సంగీతకారుల ఇళ్లు పడగొట్టి సంగీతకారుడి పేరుతో పార్కు!

ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఈ ఊరితో తగువు లేకపోలేదు. 1949లో మార్డీగ్రా పండగ ఊరేగింపులో ఆయన్ని రాజుగా ఊరేగించారు. 1956లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఒకే వేదిక ఎక్కకూడదని లూసియానా చట్టం చేసింది. ఆయన బృందంలో ఇద్దరూ ఉన్నారు. పుట్టిన ఊళ్లో వాయించనన్నాడు. వాయించలేదు కూడా. పౌరహక్కుల చట్టం వచ్చాక 1965లోనే మళ్లీ అడుగుపెట్టాడు. 1971లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. అక్కడి ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

భవనాలు పోయినా పాట నిలవడానికి అసలు కారణం చావు ఖర్చు అంటే నమ్ముతారా! బీమా కంపెనీలు నల్లవాళ్లకు తలుపులు మూసిన రోజుల్లో వాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. నెల నెలా చందా. జబ్బు చేస్తే డాక్టరు, మందులు. పోతే గౌరవంగా, బ్యాండుతో అంతిమయాత్ర. ‘సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్బు’లనే ఆ సంఘాలే ఇప్పటికీ సెకండ్ లైన్లు నడుపుతాయి. బ్యాండుకు పని, పిల్లలకు పాఠం రెండూ అక్కడే.

ఇక్కడ అంతిమయాత్ర రెండు భాగాలు. శ్మశానం దాకా అడుగులో అడుగు వేస్తూ, నెమ్మదిగా, ఏడుపు గొంతుతో సాగే చర్చి పాటలు. పార్థివదేహానికి వీడ్కోలు చెప్పగానే డ్రమ్ము ఒక్కసారి గట్టిగా మోగుతుంది. ట్రంపెట్ లేస్తుంది. ఇక అదే జనం చేతిరుమాళ్లు ఊపుతూ ఆడుకుంటూ తిరిగొస్తారు. మన పల్లెల్లోనూ చావుకి డప్పులుంటాయి గానీ, ఏడుపు నుంచి ఆటకు ఇలా ఒక్క దెబ్బతో మళ్లడం వేరే రకం.

నీళ్లు తీశాక

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. కరకట్టలు తెగి ఊరిలో 80 శాతం మునిగింది. రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2000 జనాభా లెక్కల్లో 4.84 లక్షల మంది ఉన్న ఊరు, 2020 నాటికి 3.84 లక్షలు. తిరిగి రానివాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. వాద్యాలు నీళ్లలో కొట్టుకుపోయాయి. వాద్యకారులు హ్యూస్టన్, అట్లాంటా చేరారు.

హ్యారీ కానిక్ జూనియర్, బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ అనే ఇద్దరు స్థానిక కళాకారులు హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీతో కలిసి నైన్త్ వార్డులో ‘మ్యుజీషియన్స్ విలేజ్’ కట్టించారు. 72 ఇళ్లు. రంగురంగులుగా, బాగున్నాయి. కానీ ఊరికి సంగీతకారులు 72 మందేనా? ట్రెమేలో పాత ఇళ్లు పర్యాటకుల అద్దె గదులయ్యాయి. అద్దెలు పెరిగాయి. తాతల నాటి పేటలో వాయించడానికి మనవలు దూరం నుంచి కారేసుకుని వస్తున్నారు.

2007 అక్టోబరులో ఏమైందంటే... కెర్విన్ జేమ్స్ అనే ట్యూబా కళాకారుడు చనిపోతే ట్రెమేలో ఎప్పట్లాగే రాత్రి ఊరేగింపు తీశారు. పోలీసులొచ్చి అనుమతి లేదంటూ ఆపేశారు. ఇద్దరు సంగీతకారుల చేతులకు బేడీలు వేశారు. చర్చి పాట మధ్యలో! వందేళ్లుగా జరుగుతున్నదానికి అనుమతి ఎవరివ్వాలి? ఊరు భగ్గుమంది. చివరికి కేసు కొట్టేశారు. అరెస్టయినవారిలో ఒకరు డెరిక్ ట్యాబ్, రీబర్త్ బ్రాస్ బ్యాండ్ డ్రమ్మరు. ఆయన అదే ఏడాది ‘ద రూట్స్ ఆఫ్ మ్యూజిక్’ అనే సంస్థను ప్రారంభించాడు. బడి అయ్యాక పిల్లలకు ఉచితంగా వాద్యం, పాఠాల్లో సాయం, కడుపునిండా భోజనం. ఆ పిల్లల బ్యాండు మార్డీగ్రాలో నడుస్తుంటే జనం దారిస్తారు.

2021లో ఇంకో దెబ్బ. మళ్లీ ఆగస్టు 29నే, ఐడా తుపాను. సౌత్ రాంపార్ట్‌లో మిగిలిన కార్నోఫ్‌స్కీల పాత దుకాణం ఇటుకల కుప్పగా కూలిపోయింది. జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో ఉండి కూడా ఏళ్ల తరబడి ఖాళీగానే పడి ఉన్న భవనమది.

వెళ్లేవాళ్లకు

హ్యూస్టన్‌లోని పిల్లల దగ్గరకు వెళ్లే మన తల్లిదండ్రులకు ఇది దగ్గరే. 350 మైళ్లు, కార్లో ఆరు గంటల దారి. తుపాన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. మార్చి, ఏప్రిల్ హాయిగా ఉంటాయి. ఏప్రిల్ చివర్లో మొదలయ్యే జాజ్ ఫెస్టివల్‌కి లక్షల్లో జనం వస్తారు. 1970లో కాంగో స్క్వేర్‌లో మొదలైనప్పుడు వచ్చింది కొన్ని వందల మందే.

బోర్బన్ స్ట్రీట్ పేరు అందరూ చెబుతారు. పిల్లలతో వెళితే అటు రాత్రిపూట వద్దు. మోత, మందు తప్ప జాజ్ తక్కువ. సెయింట్ పీటర్ వీధిలో ప్రిజర్వేషన్ హాల్ ఉంది. 1961లో మొదలైంది. పెచ్చులూడిన గోడలు, చెక్క బెంచీలు. మైకు ఉండదు, మందు ఉండదు. గంటలోపే కచేరీ. కుటుంబంతో వినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఓల్డ్ మింట్ భవనంలో జాజ్ మ్యూజియం ఉంది. తిండి సంగతా? గంబో అనే పులుసు ఇక్కడి ప్రత్యేకం. ఆ పేరు ఆఫ్రికా భాషల్లోని బెండకాయ మాటలోంచి వచ్చిందంటారు. బెండకాయతోపాటు రొయ్యలు, మాంసం కూడా పడతాయి కాబట్టి శాకాహారులు అడిగి తినాలి. 1862 నుంచి నడుస్తున్న కెఫే డు మోండ్‌లో పంచదార పొడి చల్లిన బెన్యేలకు ఆ భయం లేదు.

హ్యూస్టన్ నుంచి మీరు వచ్చేది ఇంటర్‌స్టేట్-10 మీదే. ఊళ్లోకి రాగానే ఫ్రెంచ్ క్వార్టర్ దాటేటప్పుడు కారు వెళ్లేది క్లేబోర్న్ వంతెన మీదుగానే. ఆ వంతెనను తీసేయాలా, ఉంచాలా అన్న చర్చ ఏళ్లుగా నడుస్తోంది. కిందికి దిగి చూడండి. కాంక్రీటు స్తంభాల మీద ఓక్ చెట్ల బొమ్మలున్నాయి. 2002లో స్థానిక చిత్రకారులు వేశారు. ఆదివారమైతే సెకండ్ లైన్ ఏ దారిన వచ్చినా ఆ నీడలో కాసేపు ఆగుతుంది. కాంక్రీటు కప్పు కింద ఇత్తడి మోత నాలుగింతలవుతుందని బ్యాండు కుర్రాళ్లకు తెలుసు.